చిన్న ల్యాప్‌టాప్ కొనాలా, పెద్దదా?

14 అంగుళాల ల్యాప్‌టాప్ సాధారణంగా కిలోన్నర లోపే తూగుతుంది. గ్రాఫిక్స్ కార్డున్న 16 అంగుళాలది చాలావరకు రెండు కిలోలు దాటుతుంది. బరువైన చార్జర్ దానికి అదనం. కొనేటప్పుడు దాన్ని చాలామంది లెక్కలోకి తీసుకోరు.

పనితనంలో తేడాకు ఒక ముఖ్య కారణం వేడి. పలుచని పెట్టెలో గాలి ఆడే చోటు తక్కువ. అందువల్ల వేడెక్కిన ప్రాసెసర్ తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది. గంటల తరబడి సాగే వీడియో ఎడిటింగ్, త్రీడీ డిజైన్ పనులకు పెద్దదే తగినది. మామూలు కోడింగ్‌కు, ఆఫీసు పనికి అంత బలం అక్కర్లేదు. రోజూ బస్సులోనో మెట్రోలోనో తిరిగే విద్యార్థికి చిన్నదే మేలు. ఇంట్లో మానిటర్ తగిలిస్తే తెర కొరత తీరుతుంది.

చాలా పలుచని మోడళ్లలో ర్యామ్ బోర్డుకే అతికి ఉంటుంది, తర్వాత పెంచడం కుదరదు. కాబట్టి కొనేనాడే 16 జీబీ ఉన్నది తీసుకోవాలి.