గోల్కొండ తోటకు నీళ్లు ఎక్కడివి?

హైదరాబాదు వెళ్లిన మన వేటపాలెం వాళ్లు చార్మినార్, గోల్కొండ కోట చూసి రైలెక్కేస్తుంటారు. కోటకు దగ్గర్లోనే కుతుబ్‌షాహీ సుల్తానుల సమాధుల తోట ఉంది. 1518 నుంచి 1687 వరకు ఏలిన వంశం అది. నూరు ఎకరాలు దాటిన ఆ చోట పొద్దున్నే అడుగుపెడితే పక్షుల కూతలు తప్ప మరో అలికిడి ఉండదు. గుంబజుల నీడన కాసేపు కూర్చుంటే ఊళ్లో ఉన్నామన్న సంగతే మరచిపోతాం.

స్పెయిన్‌లోని గ్రనాడాలో, 1238లో ముస్లిం రాజులు మొదలుపెట్టిన అల్‌హంబ్రా రాజభవనపు తోటలను లోకమంతా మెచ్చుకుంటుంది. అక్కడా ఇక్కడా సూత్రం ఒక్కటే: ముందు నీరు, తరువాతే చెట్టు. గ్రనాడాలో దారో నది నుంచి కొండ అంచున సుమారు 6 కిలోమీటర్ల కాలువ తవ్వి నీళ్లు తెచ్చారు. గోల్కొండలో బావులు తవ్వారు. వాటినే బావ్లీలు అంటారు. ఇవి మామూలు గిలక బావులు కావు. మెట్లు దిగి నీటి దాకా వెళ్లవచ్చు, చుట్టూ కమానులు ఉంటాయి. పైన ఎడ్లతో మోట తోలి నీళ్లెత్తి కాలువల్లోకి వదిలేవారు. మోట సంగతి మన పెద్దవాళ్లకు చెప్పనక్కరలేదు.

వీటిలో పెద్దదైన బడీ బావ్లీ 2013 వానల్లో ఒక వైపు కూలిపోయింది. శతాబ్దాలు నిలిచిన కట్టడం! ఆ ఏడే ఆగాఖాన్ ట్రస్టు, ప్రభుత్వ పురావస్తు శాఖ కలిసి తోట పునరుద్ధరణ మొదలుపెట్టాయి. బావుల్లో పూడిక తీశారు, కూలిన రాళ్లను తిరిగి పేర్చారు. గుంబజుల మీద ఇటీవలి కాలంలో పూసిన సిమెంటును గీకి, పాత పద్ధతిలో సున్నం పూశారు. 2022లో ఈ బావుల పనికి యునెస్కో పురస్కారం వచ్చింది. బావి నిండితే తోటకు మళ్లీ నీళ్లు అందాయి.

హజ్రత్ ఉస్మాన్ (రజి) మదీనాలో రూమా బావిని కొని ప్రజలకు వదిలిన సంగతి మనందరికీ తెలుసు. సదఖా జారియా అనగానే మనకు బావి, బోరు, మస్జిదు గుర్తుకొస్తాయి. కొత్తది కట్టిస్తామంటే ముందుకొచ్చేవారు చాలామందే. పాతదాని పూడికకు, వజూ ఖానా పైపులకు, కారే కప్పుకు ఎవరిని అడిగినా "వచ్చే ఏడు చూద్దాం" అంటారు. నిజమే, పూడిక తీసిన చోట పేరు చెక్కిన రాయి పెట్టరు కదా! మన ఇసుక నేలల్లో దొరువును ఒక్క ఏడాది పట్టించుకోకపోతే ఏమవుతుందో రైతును అడిగితే చెబుతాడు.

ఈసారి హైదరాబాదు వెళ్తే ఒక పూట ఈ తోటకు కేటాయించండి. గుంబజుల కంటే ముందు బడీ బావ్లీ దగ్గరకు వెళ్లి, పిల్లలకు ఆ మెట్లు, నీరు చూపించండి.