‘అయితే’ తర్వాత ‘ఎందుకంటే’

మెహదీపట్నం నుంచి శంషాబాద్‌కు వెళ్లి ఉదయం విమానం ఎక్కాల్సిన తండ్రి, పడుకునే ముందు “రాత్రి వాన పడితే నన్ను గంట ముందే లేపండి” అంటారు. నాలుగు చినుకులకు ఎవరూ లేపరు. రోడ్ల మీద నీళ్లు నిలిచేంత వాన పడితేనే లేపుతారు. ఆయన చెప్పని ఈ షరతు ఇంట్లో అందరికీ తెలుసు. చాట్‌బాట్‌కు ఎలా తెలుస్తుంది?

అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2021లో ఇలాంటి మాటల మీదే ఒక పరిశోధన పత్రం ప్రచురించారు. అప్పటి చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి, 1994లో ట్యూరింగ్ అవార్డు అందుకున్న రాజ్ రెడ్డి గారు పనిచేసిన విశ్వవిద్యాలయం అది. వారి ఉదాహరణలో వానకు బదులు మంచు ఉంటుంది. వాక్యంలో మూడు భాగాలు: ఇలా జరిగితే, ఇది చెయ్యి, ఎందుకంటే ఆలస్యం కాకూడదు. వారు తయారుచేసిన ‘కోర్గి’ అనే వ్యవస్థ షరతును, కారణాన్ని మెట్టు మెట్టుగా కలుపుతుంది. మధ్యలో ఒక మెట్టు దొరక్కపోతే మనిషినే అడిగి, ఆ జవాబును తన జ్ఞానంలో చేర్చుకుంటుంది.

మీ పిల్లలు హోంవర్క్‌కు చాట్‌బాట్ వాడుతున్నారా? జవాబు రాసుకున్నాక “ఎందుకు?” అని ఒక్కసారి అడగండి. “గాలి వీస్తే బట్టలు త్వరగా ఆరతాయి” అని రాస్తే సరిపోదు. బట్టల చుట్టూ ఉన్న తేమను గాలి తీసుకుపోతుందని చెప్పగలగాలి. ఆ మెట్టు దగ్గర ఆగిపోతే జవాబు చెప్పేయకండి, ఇంకో ప్రశ్న వేయండి. జవాబును కాపీ చేయవచ్చు. కారణం మాత్రం పిల్లల బుర్రలోనే తయారవ్వాలి.