బ్లూటూత్ ఎందుకు లేదంటే

శాలిబండ,
హైదరాబాద్

బిడ్డా,

పాత ల్యాప్‌టాప్ మీద ఓపెన్‌బీఎస్‌డీ ఎక్కించావని, మూడో రోజుకే విసుగు పుట్టిందని మీ అమ్మ చెప్పింది. ఇయర్‌ఫోన్లు కలవలేదట. బ్రౌజర్లో ఫోటో ఎక్కించబోతే ఫోల్డరే కనపడలేదట. ఎవరినో అడిగితే ‘మాన్యువల్ చదువు’ అని ఒక్క ముక్కలో తేల్చేశారట. మామ చెప్పిన సిస్టమ్ మామకే పెట్టుకోమన్నావట. ఫోన్లో చెబితే సగంలో ‘సరే మామా’ అని పెట్టేస్తావు, అందుకే కాయితం పట్టుకున్నా.

బ్లూటూత్‌ను ఓపెన్‌బీఎస్‌డీ వాళ్ళు మరిచిపోయింది కాదు. ఒకప్పుడు ఉండేది, 2014లో తీసేశారు. ఆ కోడ్‌ను పట్టించుకునేవాళ్ళు లేకపోయారు. ఊడ్చేవాళ్ళు లేని గదిలోకే పాములు చేరతాయి కదా, ఆ గదే వద్దనుకున్నారు. 2015లో, అడ్మిన్ అధికారంతో పనులు నడిపే సూడో బరువైపోయిందని డూయాస్ అనే చిన్న ప్రోగ్రాం రాసుకున్నారు. మరుసటేడు లినక్స్ ప్రోగ్రాములను నడిపించే ఏర్పాటునూ పీకేశారు. మిగతా సిస్టములన్నీ కొత్త వెర్షన్‌లో ఏం కలిపామో చెప్పుకుంటాయి. వీళ్ళు ఏం తీసేశామో కూడా అంతే గర్వంగా చెప్పుకుంటారు. అన్నిట్లోకీ పెద్ద కోత 2014లోనే పడింది. ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌లో హార్ట్‌బ్లీడ్ అనే పెద్ద కన్నం బయటపడి ప్రపంచమంతా సర్వర్ల తాళాలు మార్చుకుంటుంటే, వీళ్ళు ఆ కోడ్ కాపీ ఒకటి ముందేసుకుని కోయడం మొదలుపెట్టారు. మొదటి వారంలోనే దాదాపు 90 వేల లైన్లు పోయాయి. మిగిలినదానికి లిబ్రెఎస్‌ఎస్‌ఎల్ అని పేరు పెట్టారు.

నీ ఫోటోల సంగతీ ఇలాంటిదే. ఇందులో చాలా ప్రోగ్రాములు తాము ఏ పనులు చేస్తాయో, ఏ ఫైళ్ళు చూస్తాయో ముందే కెర్నెల్‌కు మాటిస్తాయి. పనుల మాట తప్పిన ప్రోగ్రాంను కెర్నెల్ అక్కడికక్కడే చంపేస్తుంది. ఒప్పుకోని ఫైళ్ళయితే దానికసలు కంటికే ఆనవు. మొదటిదాన్ని ప్లెడ్జ్ అంటారు, రెండోదాన్ని అన్‌వీల్. నువ్వు ఫైళ్ళు దాచుకునే ఫోల్డర్లలో నీ బ్రౌజర్‌కు కనపడేది డౌన్‌లోడ్స్ ఒక్కటే. ఏదో వెబ్‌సైటు రేపు బ్రౌజర్‌ను లొంగదీసుకున్నా మీ అమ్మ ఆధార్ స్కాన్ దాని చేతికి చిక్కదు. ఎక్కించాల్సిన ఫోటోను డౌన్‌లోడ్స్‌లోకి కాపీ చేసుకో, అంతే.

ఇక ‘మాన్యువల్ చదువు’ అన్న మాట. నాకూ మొదట్లో చెంప మీద కొట్టినట్టే ఉండేది. 2008లో పత్తర్‌గట్టిలో ఒక బట్టల హోల్‌సేల్ దుకాణానికి పాత పెంటియం డబ్బాలో రెండు నెట్‌వర్క్ కార్డులు గుచ్చి ఓపెన్‌బీఎస్‌డీతో ఫైర్‌వాల్ పెట్టిచ్చా. దీని ఫైర్‌వాల్ పేరు పీఎఫ్. నాకప్పటిదాకా లినక్స్ అలవాటు. అక్కడ ఫైర్‌వాల్ రూళ్ళను పైనుంచి చదువుకుంటూ వచ్చి మొదట కుదిరిన రూలుతో ఆగిపోతుంది. ఆ అలవాటుకొద్దీ, ఇంట్లో కూర్చుని, ఆదివారం రాత్రి రూళ్ళ ఫైలు అడుగున ‘బ్లాక్ ఆల్’ అని చేర్చా. సింటాక్స్ సరిచూస్తే తప్పేం లేదంది. నేను అప్పటికే లోపల ఉన్నా కనుక నా సెషన్ తెగలేదు. అంతా బాగుందనుకుని లాగౌట్ చేసి పడుకున్నా.

పీఎఫ్‌లో చెల్లేది చివరగా కుదిరిన రూలు. పొద్దున్నే సేటు ఫోన్: ఇంటర్నెట్ లేదు. దూరం నుంచి లాగిన్ అయ్యే ఎస్‌ఎస్‌హెచ్‌తో నేను తట్టి చూస్తే నాకూ తలుపు తెరవలేదు. ఆ సోమవారం లాల్ దర్వాజ బోనాల ఘటాల ఊరేగింపు. నేను చెయ్యి ఖాళీ చేసుకుని బయల్దేరేసరికి శాలిబండ నుంచి చార్మినార్ దాకా రోడ్డు నిండిపోయింది. ఇరవై నిమిషాల నడక, రెండు గంటలు పట్టింది. డప్పుల మధ్య, పోతరాజుల కొరడాలు తప్పించుకుంటూ, నా చేత్తో నేను వేసుకున్న గడియ తీయడానికి పోయా. దుకాణంలో ఆ డబ్బాకు మానిటర్ తగిలించి కూర్చుంటే గూగుల్ లేదు, ఏమీ లేదు. మాన్యువల్ ఉంది. సిస్టమ్‌తో పాటే డిస్కులో ఉంటుంది అది. పీఎఫ్ పేజీ తెరిస్తే చివరగా కుదిరిన రూలే చెల్లుతుందని స్పష్టంగా రాసి ఉంది. ఒక లైను పైకి జరిపా, నెట్ వచ్చింది. సేటు చాయ్ తెప్పించాడు గానీ పైసలు మాత్రం ఆ నెల ఆలస్యంగానే ఇచ్చాడు.

వాళ్ళ దగ్గర మాన్యువల్లో తప్పుంటే అదీ బగ్గే, కోడ్‌లో తప్పుతో సమానం. అంత కష్టపడి రాసినదాన్ని చదవకుండా అడిగితే వాళ్ళకు మండుతుంది. మర్యాద తక్కువ, నేను కాదనను. థియో డి రాట్ 1995లో కెనడాలోని కాల్గరీలో దీన్ని మొదలుపెట్టిందే నెట్‌బీఎస్‌డీ వాళ్ళతో పోట్లాడి బయటపడ్డాక. ఆ కారం ఇప్పటికీ మిగిలింది. కానీ అప్పుడే ఆయన ఇంకో పనీ చేశాడు. కోడ్‌లో రోజూ ఏం మారుతోందో ఎవరైనా చూసేలా ఆ కోడ్ భండారం తలుపులు తెరిచిపెట్టాడు. ఆ రోజుల్లో అది వింత.

మన ఊళ్ళో స్వేచ్ఛ సంస్థ వాళ్ళను చూశావు కదా. కాలేజీ పిల్లల్ని కూడగట్టి, లినక్స్‌ను తెలుగులో పెట్టి, రండి రండి అని పిలుస్తారు. ఓపెన్‌బీఎస్‌డీ వాళ్ళు ఎవరినీ పిలవరు. తమకు కావలసింది తాము రాసుకుంటారు, కావాలంటే తీసుకోమంటారు. నువ్వు కస్టమర్‌వి కావు. అయితే ఆ తీసుకొమ్మన్నది చిన్నదేం కాదు. హైటెక్ సిటీలో పొద్దున్నే నువ్వు సర్వర్లోకి ఎక్కే ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్‌ను వాళ్ళే 1999లో తయారుచేశారు. ప్రపంచమంతా దాన్ని వాడుకుంటోంది. అలాంటివాళ్ళు 2014 జనవరిలో కరెంటు బిల్లుకు 20 వేల డాలర్లు లేక చందాలు అడగాల్సి వచ్చింది. నాకు ఇప్పటికీ కోపం వచ్చేది దానికి, వాళ్ళ ముక్కుసూటి జవాబులకు కాదు.

ఒక్కటి మాత్రం గుడ్డిగా నమ్మకు. ఇన్నేళ్ళలో డిఫాల్ట్ ఇన్‌స్టాల్‌లో దూరం నుంచి చొరబడే కన్నాలు రెండే అని వాళ్ళ వెబ్‌సైటు మీదే రాసుకుంటారు. మొదట ఒక్కటీ లేదని ఉండేది, 2002లో ఒకటి అయింది, 2007లో రెండు. లెక్క దాచకుండా మార్చుకున్నందుకు నాకు గౌరవం. కానీ డిఫాల్ట్‌లో తెరిచి ఉండేవే చాలా తక్కువ. దాని మీద నువ్వు రాసిన వెబ్ ప్రోగ్రాం పెట్టిన రోజు నుంచి ఆ మాట నీకు వర్తించదు. అప్పుడా మాట మన లాల్ దర్వాజ లాంటిదే: అక్కడ ఇప్పుడు దర్వాజ ఎక్కడుంది? పేరే కదా మిగిలింది.

ముందు ఆఫ్టర్‌బూట్ అనే మాన్యువల్ పేజీ చదువు. కొత్తగా ఎక్కించినవాళ్ళ కోసమే రాశారు. తర్వాత నీ ల్యాప్‌టాప్‌లో ఏయే సర్వీసులు నడుస్తున్నాయో చూసి, ఒక్కొక్కటీ ఎందుకుందో నాకు చెప్పు. చెప్పలేనిది ఆపెయ్. మాన్యువల్లో అక్షరదోషం దొరికితే ఫిర్యాదు రాయకు, దిద్ది, మార్పుల ఫైలు (డిఫ్) పంపు. జవాబు ఒక్క ముక్కలోనే వస్తుంది, అదీ రాకపోవచ్చు, కానీ దిద్దుబాటు సరైనదైతే తీసుకుంటారు. నల్ల తెర మీద తెలుగు రాదు, గ్రాఫిక్స్‌లోకి పోతే ఫాంటు వేసుకుని చదువుకోవచ్చు. నాకు ఉత్తరం అందులోంచే రాయి.

ఆదివారం వచ్చేటప్పుడు ల్యాప్‌టాప్ తెచ్చుకో. వైరున్న ఇయర్‌ఫోన్లు నా దగ్గర ఉన్నాయి.

మీ మామ