హాల్లో పెట్టే ఓడ ఎవరిది?

హాల్ గోడకి తెరచాప ఓడ బొమ్మ పెట్టాలనుకుంటున్నవాళ్ళ కోసం ఈ పోస్ట్. వీడియోలో టైమ్ చాలక రెండు ముక్కల్లో తేల్చేశాను, ఇక్కడ కొంచెం వివరంగా చూద్దాం.

ముందు ఒక డౌట్ క్లియర్ చేసుకుందాం. ఓడ బొమ్మ పెడితే డబ్బు కలిసొస్తుందని, ఓడ ముక్కు ఇంటి లోపలికి చూడాలని కొన్ని షాపుల్లో వాస్తు పేరుతో చెప్తుంటారు. ఆ మాట ఫెంగ్ షుయ్‌ది, అంటే చైనా సంప్రదాయం. నమ్మేవాళ్ళని నేనేమీ అనను. కాకపోతే దాన్ని మన శాస్త్రం అని చెప్పి రేటు పెంచితే మాత్రం ఏ గ్రంథంలో ఉందో అడగండి. నా దృష్టిలో ముక్కు ఎటు చూస్తోంది అన్నదానికంటే ఆ ఓడ ఎవరిది అన్నదే పెద్ద ప్రశ్న.

ఎందుకంటే 'వింటేజ్ షిప్' అని వెతికితే మనకి కనిపించేవి చాలావరకు యూరప్ ఓడలే. అందంగానే ఉంటాయి. కొనేముందు ఒక్కసారి జూమ్ చేసి జెండా చూడండి. ఎర్ర, తెల్ల చారలుండి, పై మూలలో బ్రిటిష్ యూనియన్ గుర్తు ఉంటే అది ఈస్ట్ ఇండియా కంపెనీ జెండా. 1611లో మచిలీపట్నంలో వ్యాపార కేంద్రం తెరిచిన కంపెనీ అదే. మన నేతగాళ్ళ బట్టలు కొనడానికి వచ్చి, చివరికి మన జిల్లాల్లో శిస్తు వసూలు చేసేదాకా వెళ్ళింది. ఆ చరిత్ర తెలిసి, కావాలనే పెట్టుకుంటే అది వేరే విషయం. తెలియకుండా, దేవుడి గది పక్క గోడకే ఆ జెండా వేలాడుతుంటే నాకైతే మనసొప్పదు. రేపు ఇంట్లో పిల్లలు "ఇది ఎవరి ఓడ?" అని అడిగితే చెప్పడానికి మన దగ్గర ఏదో ఒకటి ఉండాలి కదా.

మరి మన ఓడలు లేవా అంటే, బోలెడున్నాయి. సాతవాహనుల సీసపు నాణేల మీద రెండు స్తంభాల ఓడ బొమ్మ ఉంటుంది. యజ్ఞశ్రీ శాతకర్ణి కాలపు నాణేల్లో కూడా ఇది కనిపిస్తుంది, అంటే రెండో శతాబ్దం నాటి మాట. తన ఓడలు చూసుకుని ఎంత గర్వం లేకపోతే ఒక రాజు వాటిని డబ్బు మీద అచ్చు వేయిస్తాడు! నాణెం ఫొటోని అలాగే పెద్దది చేస్తే అరిగిపోయిన మచ్చలా వస్తుంది. దాన్ని చూసి నల్లగీతల్లో బొమ్మ గీయించి ఫ్రేమ్ కట్టించండి, చిన్న హాల్‌కి చాలా బాగుంటుంది.

రంగులు కావాలంటే అజంతా. రెండో గుహలో మూడు స్తంభాల ఓడ బొమ్మ ఉంది, ఓడలో వరసగా కుండలు కూడా కనిపిస్తాయి. అయిదో శతాబ్దపు బొమ్మ అది. దాన్ని ఆధారం చేసుకునే ఈ మధ్య ఒక నిజం ఓడని కట్టారు. పేరు కౌండిన్య. పలకల్ని కొబ్బరి పీచు తాళ్ళతో కుట్టి తయారుచేసిన ఈ ఓడ 2025 మేలో కార్వార్‌లో మన నౌకాదళంలో చేరింది. తెరచాపల మీద గండభేరుండం, సూర్యుడు ఉంటాయి. గోడ మీది బొమ్మ సముద్రం మీదికొచ్చింది, ఇప్పుడు మనం దాన్ని మళ్ళీ గోడకెక్కిస్తామన్నమాట.

నాకు వీటన్నిటికంటే ఇష్టమైనది తారిణి. 2017 సెప్టెంబర్‌లో ఆరుగురు నౌకాదళ మహిళలు గోవా నుంచి బయలుదేరి, ప్రపంచమంతా చుట్టి 2018 మేలో తిరిగొచ్చిన చిన్న తెరచాప పడవ. ఆ ఆరుగురిలో విశాఖపట్నం అమ్మాయి పి. స్వాతి, హైదరాబాద్ అమ్మాయి ఐశ్వర్య బొడ్డపాటి ఉన్నారు. పడవ పేరు ఒడిశాలోని తారా తారిణి అమ్మవారిది. సముద్రం మీద వెళ్ళేవాళ్ళని ఆ తల్లి కాపాడుతుందని అక్కడి నమ్మకం. తరించడం అనే మాటకి దాటడం అని కూడా అర్థం ఉంది, సంస్కృతంలో తరణి అంటే పడవ. ఆడపిల్ల చదువుకునే గదిలో ఈ ఫొటో ఒక్కటి చాలు, వేరే మోటివేషన్ పోస్టర్ అక్కర్లేదు.

గుహుడి పడవ బొమ్మ సంగతి కొంచెం వేరు. వాల్మీకి రామాయణంలో గుహుడు పడవ తెప్పిస్తాడు, నది మధ్యకి చేరాక సీతమ్మ చేతులు జోడించి గంగమ్మకి మొక్కుకుంటుంది. రాముడి కాళ్ళు కడిగాకే పడవ ఎక్కించుకునే ఘట్టం వాల్మీకంలో లేదు, తులసీదాసు రామచరితమానసంలో ఉంది. ఏ ఘట్టం బొమ్మ తీసుకున్నా, అందులో ఉన్నది సీతారాములు కాబట్టి దాన్ని డెకరేషన్ లెక్కలో చూడలేం. చెప్పుల స్టాండ్ పైన, బాత్రూమ్ గోడకి వద్దు. హాల్లో శుభ్రమైన చోటు, రోజూ కళ్ళు పడే చోటు చూడండి.

ఇక తగిలించే పని. 24 అంగుళాల వెడల్పు ప్రింట్‌కి అంగుళానికి 150 పిక్సెల్స్ చొప్పున 3600 పిక్సెల్స్ ఉన్న ఫైల్ కావాలి. వాట్సాప్‌లో వచ్చిన ఫొటో పనికిరాదు, కంప్రెస్ అయిపోయి ఉంటుంది. బొమ్మ మధ్యభాగం నేల నుంచి 57 నుంచి 60 అంగుళాల ఎత్తులో ఉంటే నిలబడి చూసేవాళ్ళ కంటికి సరిపోతుంది. సోఫా పైన అయితే దాని వెడల్పులో మూడింట రెండొంతులు ఉండాలి. లేకపోతే గోడ మీద స్టాంపు అంటించినట్టుంటుంది. బాల్కనీకి ఎదురుగా అద్దం ఫ్రేమ్ పెడితే పగలంతా ఓడకి బదులు కిటికీ కనిపిస్తుంది, అక్కడ కాన్వాస్ మేలు. నేరుగా ఎండ పడే గోడైతే రంగులు వెలిసిపోతాయి, ఆ గోడ వదిలేయండి. అద్దె ఇల్లైతే డ్రిల్ వేసేముందు ఓనర్‌గారిని ఒక మాట అడగండి. అంటించే స్ట్రిప్పులు సేఫ్ అనుకుంటాం గానీ, తీసేటప్పుడు పెయింట్‌తో పాటు పుట్టీ కూడా ఊడొస్తుంది. దానికంటే చిన్న మేకు రంధ్రం నయం, ఖాళీ చేసేరోజు పూడ్చేయొచ్చు.