పాత జెట్‌లకు సెలవు: నారో బాడీ విమానాల్లో తరం మార్పు

2019 సెప్టెంబరు 4న అమెరికన్ ఎయిర్‌లైన్స్ తన చివరి ఎండీ-80 ప్రయాణికుల సర్వీసును డాలస్ ఫోర్ట్‌వర్త్ నుంచి షికాగోకు నడిపింది. వాటి స్థానంలోకి బోయింగ్ 737, ఎయిర్‌బస్ ఏ321 విమానాలు వచ్చాయి. 2020 జూన్‌లో డెల్టా కూడా ఎండీ-88, ఎండీ-90లను పక్కన పెట్టింది.

లోపల ఒకే నడవా ఉండేవి నారో బాడీ విమానాలు. పాతవాటిని మార్చడానికి ప్రధాన కారణం ఇంధన ఖర్చు. ఇక్కడ పోటీ పరీక్షల అభ్యర్థులు తప్పక పట్టుకోవాల్సింది బైపాస్ నిష్పత్తి. ఇంజిన్ నడిబొడ్డులోకి వెళ్లి ఇంధనాన్ని మండించే గాలితో పోలిస్తే, దాని చుట్టూ ఫ్యాన్ వెనక్కి తోసే గాలి ఎన్ని రెట్లన్నదే ఆ నిష్పత్తి. ఎండీ-80లోని జేటీ8డీ-200 ఇంజిన్‌కు అది 2 లోపే. ఏ320 నియోకు అమర్చే లీప్-1ఏకు సుమారు 11. ఎక్కువ గాలిని తక్కువ వేగంతో తోస్తే ఇంధనం ఆదా, చప్పుడూ తక్కువ.

మన దేశంలో ఇండిగో 2016 మార్చిలో తొలి ఏ320 నియోను అందుకుంది. కొత్తదల్లా మేలని మాత్రం అనుకోకూడదు. కొన్ని నియోలకు లీప్ బదులు అమర్చే ప్రాట్ అండ్ విట్నీ ఇంజిన్ల భాగాల తయారీకి వాడిన లోహపు పొడిలో 2023లో లోపం బయటపడి, ఇండిగో నియోలే పదుల సంఖ్యలో ఎగరకుండా నిలిచిపోయాయి.

లీప్ ఇంజిన్ల మరమ్మతుకు హైదరాబాద్‌లో సఫ్రాన్ సంస్థ కేంద్రం 2025 నవంబరులో ప్రారంభమైంది. కరెంట్ అఫైర్స్‌లో దీనిపై ప్రశ్న వచ్చే అవకాశం ఎక్కువ, గుర్తుంచుకోండి.