వైరల్ లోడ్ కాగితం చేతికిచ్చేటప్పుడు

అమ్మాయీ,

హెచ్‌ఐవీ మందులిచ్చే ఏఆర్‌టీ సెంటర్లో కౌన్సెలర్‌గా చేరావని తెలిసి సంతోషించాను. మందులు వాడే ఆలుమగలకు పడకగది సంగతులు ఎలా చెప్పాలి, నోరు పెగలడం లేదు పెద్దమ్మా అని రాశావు. ఏం చెప్పాలో కచ్చితంగా తెలిస్తే మొహమాటం సగం పోతుంది. అందుకే ముందు అది రాస్తాను.

మేం ఈ పనిలోకి వచ్చేనాటికి మా చేతిలో ఉన్నది భయం, ఒక నిరోధ్ పాకెట్టు. ఊరూరా ఎయిడ్స్ ప్రచారానికి పెట్టిన పులిరాజా బోర్డులు చూసిన తరానికి ఎయిడ్స్ అంటే ఇప్పటికీ ఆ బోర్డే. ప్రభుత్వం ఉచితంగా మందులివ్వడం 2004 ఏప్రిల్‌లో మొదలైంది, అదీ రోగనిరోధక శక్తిని చూపే సీడీ4 కణాల సంఖ్య బాగా పడిపోయినవాళ్లకే. 2017 నుంచి సీడీ4 ఎంతున్నా, పాజిటివ్ అని తేలిన ప్రతి ఒక్కరికీ ఇస్తున్నారు. దాంతో మనం చెప్పాల్సిన మాటే మారిపోయింది. రోజూ వేసుకునే మాత్ర రోగిని కాపాడటమే కాదు, పక్కనున్న మనిషినీ కాపాడుతుంది.

ఇది ఊరడింపు మాట కాదు. ఒకరు పాజిటివ్, ఒకరు నెగెటివ్ అయిన 1,763 జంటలతో తొమ్మిది దేశాల్లో ఒక పెద్ద అధ్యయనం జరిగింది. మన చెన్నై, పుణె జంటలు కూడా అందులో ఉన్నాయి. మందు ముందుగా మొదలుపెడితే భాగస్వామికి సోకడం 96 శాతం తగ్గిందని 2011లో తేలింది. తర్వాత యూరప్‌లో పార్ట్‌నర్ అధ్యయనం. వైరస్ అణిగి ఉన్న జంటలు కండోమ్ లేకుండా కలిసిన సందర్భాలను లెక్కగట్టారు. 2019లో వచ్చిన రెండో విడతలో మగ జంటల మధ్యే దాదాపు 76 వేల సందర్భాలు. భాగస్వామి నుంచి సోకినవి సున్నా. ఆ విడతలో 15 మందికి కొత్తగా హెచ్‌ఐవీ వచ్చిన మాట నిజమే. కానీ జన్యు పరీక్ష చేస్తే అన్నీ బయటి సంబంధాల నుంచి వచ్చినవే. నీ ఎదుట కూర్చునేవాళ్లకు ఈ 15 సంగతీ చెప్పు. మాత్ర ఎవరి నుంచి కాపాడుతుందో, ఎవరి నుంచి కాపాడదో దాంతో తేలిగ్గా అర్థమవుతుంది.

కొందరు కౌన్సెలర్లు ఈ కబురు దాచిపెడతారు. చెబితే కండోమ్ మానేస్తారేమోనని వాళ్ల భయం. నాకు అది నచ్చదు. తన వల్ల భార్యకు ముప్పు లేదని తెలిసిన మగవాడు మాత్ర మరింత శ్రద్ధగా వేసుకోవడమే నేను చూశాను. ఏళ్ల తరబడి వేరే చాపల మీద పడుకున్న జంటలకు ఆ మాట చెప్పకుండా ఉండే హక్కు మనకెక్కడిది?

అయితే షరతులు కూడా అదే నోటితో చెప్పాలి. మందు మొదలుపెట్టిన రోజు నుంచే రక్షణ రాదు, వైరస్ అణగడానికి సుమారు ఆరు నెలలు పడుతుంది. ఆరో నెలలో, పన్నెండో నెలలో, ఆపైన ఏడాదికోసారి, రక్తంలో వైరస్ ఎంతుందో చూసే వైరల్ లోడ్ పరీక్ష చేస్తారు. కాగితం మీద వైరస్ కనబడలేదని వస్తే రోగం పోయినట్టు కాదు. మాత్ర ఆపితే కొన్ని వారాల్లోనే మళ్లీ పైకి లేస్తుంది. లోడు ఎత్తుకుని నాగ్‌పూర్ వెళ్లే లారీ డ్రైవర్‌నీ, పనులకు వలసపోయే కూలీనీ ప్రత్యేకంగా అడుగు: సీసా వెంట తీసుకెళ్తున్నావా? ఐరన్, కాల్షియం, గ్యాస్ మందులు పరగడుపున, రోజూ వేసుకునే టీఎల్‌డీ మాత్రతో కలిపి వేసుకుంటే అందులోని డోలుటెగ్రావిర్ ఒంటికి సరిగా పట్టదు. మాత్ర వాటికి రెండు గంటల ముందైనా, ఆరు గంటల తర్వాతైనా వేసుకోమను. గర్భిణులకు ఇది మరీ ముఖ్యం.

మాత్ర సిఫిలిస్‌ను, గనేరియాను, అక్కర్లేని గర్భాన్ని ఆపదు. వాటికి కండోమే. మొదటి ఆరు నెలలూ, మాత్రలు తప్పిన రోజుల్లోనూ, కొత్త మనిషితోనూ అదే. కొబ్బరి నూనె, వాజిలిన్ రాస్తే రబ్బరు దెబ్బతిని చిరుగుతుంది. నీటితో తయారైన జెల్లే వాడాలి. ఒకటి మీద ఒకటి తొడగకూడదు, ఎండాకాలం లారీ డ్యాష్‌బోర్డు మీద పెట్టకూడదు. పుండో, స్రావమో కనబడితే సురక్ష క్లినిక్‌కు పంపు. హెచ్‌ఐవీ ఉన్న ఆడవాళ్లకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ ముప్పు ఆరు రెట్లు ఎక్కువ. పరీక్ష చేయించమని మనం అడగకపోతే వాళ్లంతట వాళ్లు అడగరు. వైరస్ ఎక్కువగా ఉన్న రోజుల్లో కండోమ్ చిరిగితే, నెగెటివ్ మనిషిని వీలైనంత త్వరగా, 72 గంటలు దాటకుండా డాక్టరుకు చూపించాలి; 28 రోజుల మందు ఉంటుంది.

మగవాడు రాగానే "మీ ఆవిడకు పరీక్ష చేయించారా?" అనకు. అతని తోడు మగవాడు కావచ్చు. "మీతో ఎవరుంటారు?" అని అడుగు.

అన్నిటికన్నా కష్టం, ఇంట్లో చెప్పడం. 2018 సెప్టెంబరు నుంచి అమల్లో ఉన్న హెచ్‌ఐవీ చట్టం పాజిటివ్ మనిషిని జాగ్రత్తలు తీసుకోమంటుంది. ముందుగా చెప్పడం వాటిలో ఒకటి. కానీ చెబితే కొడతారనో, గెంటేస్తారనో భయపడే ఆడమనిషికి ఆ చట్టమే మినహాయింపు ఇచ్చింది. ఆమెను తొందరపెట్టకు. సీసా మీది లేబుల్ గోకేసి తెచ్చిందంటే ఇల్లు ఎలాంటిదో ఊహించుకో. ముందు ఆమె ఎక్కడ నిలబడగలదో చూడు. వైరల్ లోడ్ అణిగితే ఆ లోపు భర్తకు రక్షణ ఎలాగూ ఉంటుంది.

ఇక పిల్లల సంగతి. పాజిటివ్ అయినవాళ్లను పిల్లలు వద్దనుకోమన్న రోజులుండేవి. ఇప్పుడు వైరల్ లోడ్ అణిగి ఉంటే మామూలుగానే కనవచ్చు. అడగడానికి వాళ్లకు సిగ్గు, కాబట్టి నువ్వే ఆ మాట ఎత్తు. పెళ్లయి ఏడాదైందంటే అత్తగారు ఈసరికే అడిగి ఉంటుంది. ఇద్దరినీ కలిపే డాక్టరు దగ్గరికి పంపు. తాజా వైరల్ లోడ్ కాగితం వెంట తీసుకెళ్లమను.

ఆశీస్సులతో,
పెద్దమ్మ