అధిక రక్తపోటు – బృహద్ధమని చీలిక

గుండె నుంచి బయలుదేరే బృహద్ధమని గోడకు మూడు పొరలుంటాయి. లోపలి పొర చీలితే రక్తం మధ్య పొరలోకి చొచ్చుకుపోయి అక్కడ మరో దారి చేసుకుంటుంది. ఇదే అయోర్టిక్ డిసెక్షన్. బాధితుల్లో 70 శాతానికి పైగా అధిక రక్తపోటు ఉన్నవారే. ఏళ్ల తరబడి అదుపులో లేని బీపీ ఆ గోడను బలహీనపరుస్తుంది. ఛాతీలోనో వీపులోనో చీల్చినట్టు హఠాత్తుగా నొప్పి వస్తుంది. దీన్ని గుండెపోటుగా పొరబడి రక్తం గడ్డలు కరిగించే మందు ఇస్తే ప్రాణానికే ముప్పు; అందుకే సీటీ యాంజియోగ్రామ్ కీలకం. ఆరోహణ భాగంలో చీలిక ఉంటే స్టాన్‌ఫర్డ్ వర్గీకరణలో ‘ఎ’ రకం, తక్షణ శస్త్రచికిత్స అవసరం. లేకుంటే ‘బి’ రకం. చిక్కులు లేకపోతే బీపీ తగ్గించే మందులతోనే చికిత్స మొదలవుతుంది. 1760లో మరణించిన బ్రిటన్ రాజు రెండో జార్జి శవపరీక్షలో బయటపడినది అయోర్టిక్ డిసెక్షనే.